మీరడిగారు, మేం చెప్తున్నాం: మందు షాపు లైసెన్సు గోల

పోయిన సంచికలో చిన్న వ్యాపారాల లైసెన్సుల గురించి రాసినప్పుడు మందు షాపుల, అంటే మద్యం అమ్మే షాపుల, సంగతి వదిలేశాం, దానికి విడిగా చోటివ్వాలి కాబట్టి. ఇక ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి, కొన్నిట్లో తిట్లు కూడా ఉన్నాయి. తిట్లు పక్కన పెట్టి, ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నా. ముందే ఒక్క మాట, ఈ రూల్సు దేశానికో రకం, కొన్ని దేశాల్లో రాష్ట్రానికో రకం. కాబట్టి ఇక్కడిచ్చే ఉదాహరణలు రూల్ వెనకున్న ఆలోచన అర్థం కావడానికే, దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం మీ ఆఫీసువాళ్ళిచ్చిన కాగితాలే చూసుకోండి.

ప్రశ్న: సబ్బులు అమ్ముకుంటే ఎవరూ ఏమీ అడగరు, మందు అమ్ముతానంటే మాత్రం సవాలక్ష కాగితాలు. తయారీకి పర్మిషన్ ఉన్న సరుకే, టాక్సు కట్టిన సరుకే కదండీ. నా డబ్బుతో నేను వ్యాపారం చేసుకునే హక్కు నాకు లేదా? — షాపు పెట్టాలనుకుంటున్న ఒకాయన

జవాబు: ఆ హక్కు అనే మాట దగ్గరే తేడా కొడుతుంది సార్. చాలా దేశాల చట్టంలో మందు అమ్మకం అందరికీ మూసి ఉన్న తలుపు, లైసెన్సు అంటే దాన్ని మీ ఒక్కరికి, ఫలానా అడ్రసులో, ఫలానా టైముల్లో, ఫలానా షరతుల మీద కొంచెం తెరవడం. ఇండియాలో ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1994లో ఖోడే డిస్టిలరీస్ అనే మద్యం కంపెనీ కేసులో కోర్టు తేల్చి చెప్పేసింది, మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కిందకి రాదు, ప్రభుత్వం కావాలంటే పూర్తిగా ఆపెయ్యొచ్చు, తనే అమ్ముకోవచ్చు, కాకపోతే ప్రైవేటువాళ్ళకి ఇస్తానని ఒప్పుకున్నాక మాత్రం ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకోలా చెయ్యకూడదు అని. అమెరికాలో 1933 డిసెంబర్ 5న 21వ సవరణతో మద్యనిషేధం ఎత్తేశారు కదా, అదే సవరణ రెండో సెక్షన్‌లో రాష్ట్రాలకి బోలెడు అధికారం ఇచ్చేశారు, అందుకే అక్కడ ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రంలోకి వెళ్తే రూల్సు మొత్తం మారిపోతాయి.

ఇది ఇప్పటి గోల కూడా కాదు. ఇంగ్లండులో 1552లోనే చట్టం చేశారు, బీరు అమ్మే ఇల్లు నడపాలంటే ఇద్దరు స్థానిక మేజిస్ట్రేట్ల దగ్గర అనుమతి తీసుకోవాలి, నా ఇంట్లో జూదాలు ఆడనివ్వను, గొడవలు జరగనివ్వను అని పూచీకత్తు రాసివ్వాలి. ఈ పూచీకత్తు సంగతి గుర్తు పెట్టుకోండి, అసలు కీలకం అదే. తాగి రోడ్డు మీద పడ్డవాళ్ళని వందమందిని వెతికి పట్టుకోవడం ఏ సర్కారుకీ అయ్యే పని కాదు, అమ్మినవాడు మాత్రం ఎక్కడికీ పోడు, బోర్డు పెట్టుకుని ఒకే అడ్రసులో కూర్చుంటాడు. కాబట్టి కాపలా పని వాడి మీదే పెట్టారు. మీరు ఫీజు కట్టి తీసుకునేది అమ్ముకునే అవకాశం ఒక్కటే అనుకోకండి, ఎవరికి అమ్మకూడదో చూసుకునే డ్యూటీ కూడా దాంతోపాటే వస్తుంది.

ఇంకో సరదా సంగతి, లైసెన్సు ఏ ఆఫీసు ఇస్తుందో చూస్తే ఆ చట్టం ఎక్కణ్ణుంచి పుట్టిందో ఇట్టే తెలుస్తుంది. జపాన్‌లో మందు అమ్మే లైసెన్సు ఇచ్చేది టాక్స్ ఆఫీసు, అంటే అక్కడ మొదటి చింత ఖజానాది. ఇంగ్లండులో ఇప్పుడు స్థానిక కౌన్సిల్ ఇస్తుంది, అంటే వీధిలో గొడవల చింత.

ప్రశ్న: లైసెన్సు ఫీజు మామూలోడు కట్టలేనంత పెంచేస్తే షాపులు వాటంతట అవే తగ్గుతాయి కదా, ఇంత చిన్న లాజిక్కు ప్రభుత్వాలకి తట్టదా? — ఒక గృహిణి

జవాబు: తట్టిందమ్మా, దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటే తట్టింది, చేసి చూశారు, బొక్కబోర్లా పడ్డారు. లండన్‌లో జిన్ను అనే చవక సారా తెగ తాగుతున్నారని 1736లో చట్టం తెచ్చారు, చిల్లరగా జిన్ను అమ్మాలంటే ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు. ఆ రోజుల్లో అది మామూలు అంగడివాడు కలలో కూడా చూడని సొమ్ము. ఏమైందంటే లైసెన్సు తీసుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, అమ్మకం మాత్రం ఎక్కడా ఆగలేదు, సందుల్లోకి, తోపుడు బండ్ల మీదకి, ఇళ్ళ కిటికీల్లోకి పోయింది. దొంగతనంగా అమ్మేవాళ్ళని పట్టించినవాళ్ళకి బహుమానం అన్నారు, దాంతో పట్టించినవాళ్ళని జనం వీధుల్లో తరిమి కొట్టారు. చివరికి 1743లో ఆ చట్టం ఎత్తేసి ఫీజు బాగా తగ్గించి, కట్టగలిగినవాళ్ళని లెక్కలోకి తెచ్చుకున్నారు, 1751లో ఎవరికి ఇవ్వాలి అన్న దాని మీద బిగించారు.

తలుపులు బార్లా తెరిస్తే బాగుంటుందా అంటే అదీ చేశారు. 1830లో అదే దేశంలో, పన్ను కట్టే గృహస్థు ఎవరైనా సరే రెండు గినీలు, అంటే రెండు పౌండ్ల పైచిలుకు, కట్టి బీరు దుకాణం తెరుచుకోవచ్చు, మేజిస్ట్రేట్ దగ్గరికి పోనక్కర్లేదు అన్నారు. వేలకు వేలు పుట్టుకొచ్చాయి. మళ్ళీ 1869లో వాటిని మేజిస్ట్రేట్ల చేతికిందకి తెచ్చేదాకా నానా తంటాలు పడ్డారు.

నాకనిపించేది ఏంటంటే ఫీజు అనేది వడపోతకి పనికిరాని సాధనం, అది డబ్బున్నవాణ్ణి లేనివాణ్ణి వేరు చేస్తుంది గానీ బాధ్యతగా అమ్మేవాణ్ణి అడ్డదిడ్డంగా అమ్మేవాణ్ణి వేరు చెయ్యదు. పైగా అంత కట్టినోడు ఆ సొమ్ము రాబట్టుకోవాలి కదా, వాడు ఎవరికి అమ్మనంటాడు చెప్పండి.

ప్రశ్న: లాటరీ తీస్తారు, వేలం వేస్తారు, కొన్ని చోట్ల ప్రభుత్వమే అమ్ముతుంది. ఇందులో ఏది బెస్టు? — పోటీ పరీక్షలకి చదువుతున్న కుర్రాడు

జవాబు: పరీక్షలో రాయడానికైతే ఒక్కోదానికీ లాభనష్టాలు రాసెయ్యి బాబూ, నిజంగా అడిగితే ఏదీ పూర్తిగా బెస్టు కాదు.

వేలంలో ఖజానాకి డబ్బు బాగా వస్తుంది, పాడుకున్నవాడు ఆ బరువంతా అమ్మకాల మీదే దించుకుంటాడు, పైన చెప్పిన గొడవే. లాటరీలో పైరవీకి చోటు తగ్గుతుంది, కానీ చీటీ తగిలినవాడికి ఆ వ్యాపారం వచ్చో రాదో ఎవరికీ తెలీదు, తగిలాక ఇంకొకరికి అప్పజెప్పి పక్కకి తప్పుకునే బాపతు కూడా ఇందులోనే ఎక్కువ. జనాభాకి ఇన్ని అని కోటా పెడితే ఇంకో చిక్కు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం తీసుకో, కూర్చుని తాగే చోట్లకి మూడు వేల మంది జనాభాకి ఒక లైసెన్సు అన్న లెక్క. కొత్తవి పుట్టవు కాబట్టి ఉన్న లైసెన్సు కాగితానికే ఇంటి స్థలానికి ఉన్నంత రేటు పలుకుతుంది, హోటల్ పెట్టాలనుకున్న కుర్రాడు పొయ్యి కొనే ముందు ఆ కాగితం కొనాలి. వాడకుండా బీరువాలో పెట్టుకుని రేటు పెరిగేదాకా కూర్చున్నవాళ్ళు ఎక్కువైపోయి 2024లో అలాంటి వాటిని బయటికి లాగడానికి చట్టం మార్చాల్సి వచ్చింది. ఐర్లండులోనూ కొత్త లైసెన్సు కావాలంటే ముందు పాతదొకటి కొని రద్దు చేయించాలి. జపాన్ మాత్రం షాపుకీ షాపుకీ మధ్య దూరం, జనాభా లెక్క అనే రూల్సు రెండిటినీ 2000 తర్వాత వదిలేసి, షాపులో శిక్షణ పొందిన మేనేజరు ఉండాలి అనే వైపు వచ్చింది.

ప్రభుత్వమే అమ్మడం అంటే స్వీడన్ గుర్తు పెట్టుకో. అక్కడ సిస్టెంబొలాగెట్ అనే ప్రభుత్వ సంస్థ 1955 నుంచి దేశమంతా అమ్ముతోంది, కిరాణా షాపుల్లో 3.5 శాతం దాకా ఉన్న బీరు తప్ప ఏమీ దొరకదు. నార్వేలో విన్‌మోనోపోలెట్ 1922లో పుట్టింది. ఫిన్లండు వాళ్ళు నిషేధం పెట్టి విసిగిపోయి 1932 ఏప్రిల్ 5న ఉదయం పదింటికి ఆల్కో అనే ప్రభుత్వ షాపులు తెరిచారు, తేదీ టైము కలిపి రాస్తే 543210 అవుతుందని ఇప్పటికీ చెప్పుకుంటారు, పరీక్షలో ఇది రాయకు గానీ గుర్తుంటుంది. ఈ పద్ధతిలో ఉన్న మంచి ఏంటంటే కౌంటర్ మీద కూర్చున్నవాడికి ఎక్కువ అమ్మాలనే ఆత్రం ఉండదు, జీతం నెల తిరిగితే వస్తుంది. కానీ అదే ప్రభుత్వం తన బడ్జెట్‌ని మందు ఆదాయం మీద నిలబెట్టుకుంటే ఆ మంచి కాస్తా గాలికి పోతుంది, అప్పుడు బోర్డు మీద ప్రభుత్వం పేరుంటుంది, ఆత్రం మాత్రం ప్రైవేటోడిదే.

ప్రశ్న: బడికి, గుడికి, హైవేకి ఇంత దూరంలో షాపు ఉండకూడదంటారు కదా, ఆ దూరం ఎలా కొలుస్తారు? మా దగ్గర టేపు పట్టుకుని రెండు వర్గాలు కొట్టుకున్నంత పని చేశాయి. — ఒక పంచాయతీ సభ్యుడు

జవాబు: గొడవ రావడంలో ఆశ్చర్యం లేదండీ, దూరం ఎంత అనే దానికన్నా ఎక్కణ్ణుంచి ఎక్కడికి అనే దాని మీదే కేసులు ఎక్కువ పడతాయి. ప్రహరీ గోడ నుంచా, మెయిన్ గేటు నుంచా? పక్షి ఎగిరినట్టు సూటిగానా, మనిషి నడిచే దారి వెంటా? ఇది ఆ రూల్‌లోనే రాసి ఉంటుంది, ముందు అది తీసి చదివించండి, టేపు తర్వాత సంగతి.

2016 డిసెంబర్‌లో ఇండియా సుప్రీంకోర్టు హైవేల పక్కన 500 మీటర్లలోపు మందు షాపులు ఉండకూడదని చెప్పింది, 2017 మార్చి 31న ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట్లకి దాన్ని 220 మీటర్లు చేసింది. అప్పుడు కేరళలో ఒక బారువాళ్ళు స్థలం మార్చకుండా గేటు నుంచి తలుపు దాకా పాములా మెలికలు తిరిగే నడవ కట్టేశారు, నడిచే దూరం 500 మీటర్లు దాటేలా. ఆ ఫొటోలు పేపర్లలో చూసి జనం పగలబడి నవ్వారు. నవ్వు సరే, డ్రైవరుకి మందు దొరక్కూడదన్నది కోర్టు ఉద్దేశం, మీటర్ల లెక్క ఒక్కటే పట్టుకుంటే ఉద్దేశం గేటు బయటే ఉండిపోతుంది. ఇంకొన్ని చోట్ల రోడ్డుకి హైవే అన్న పేరే తీసేశారు, అదింకా తేలిక.

అమెరికా కేసు ఒకటుంది, ఇదీ ఆలోచించదగ్గదే. మసాచుసెట్స్ రాష్ట్రంలో చర్చికి గానీ బడికి గానీ 500 అడుగుల లోపు ఎవరైనా లైసెన్సు అడిగితే ఆ చర్చి గానీ బడి గానీ ఒక్క ఉత్తరం రాసి ఆపెయ్యొచ్చు అని చట్టం ఉండేది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చర్చి అభ్యంతరం వినండి, బరువివ్వండి, కానీ సర్కారు అధికారాన్ని చర్చి చేతికిచ్చెయ్యకూడదు అంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ కిందే మందు షాపు వస్తోందంట. ఎవరికి చెప్పుకోవాలి? అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం, పట్టించుకోలేదు. — ముగ్గురు పిల్లల తల్లి

జవాబు: సంతకాలు ఇవ్వడం మంచిదే, కానీ సంతకాల పైన ఏం రాశారన్నదే ముఖ్యం అమ్మా. ఇంగ్లండులో పద్ధతి చెప్తా, అది చూస్తే అభ్యంతరం ఎలా రాయాలో తెలుస్తుంది. అక్కడ దరఖాస్తు పెట్టుకున్నవాడు షాపు బయట లేత నీలం రంగు కాగితం మీద నోటీసు అతికించాలి, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడేలా, 28 రోజులు. ఆ 28 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. కానీ అది చట్టంలో రాసిన నాలుగు లక్ష్యాల్లో దేనికో ఒకదానికి ముడిపడాలి, నేరాలు గొడవలు ఆపడం, జనం భద్రత, చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది లేకుండా చూడడం, పిల్లలకి హాని కలగకుండా చూడడం. 2003 చట్టం ఇది. స్కాట్లండులో దీనికి ప్రజారోగ్యం అని ఐదోది కలిపారు.

అంటే "తాగుడు పాపం" అని రాస్తే పక్కన పడేస్తారు, "మా ఫ్లాట్ రేటు పడిపోతుంది" అన్నా అంతే. "సాయంత్రం ఐదింటికి ట్యూషన్ నుంచి పిల్లలు వచ్చేది ఈ మెట్ల దారిలోనే, లిఫ్టుకీ షాపు తలుపుకీ మధ్య ఇంతే చోటుంది, షాపుకి వేరే దారి లేదు, సరుకు లారీ ఆగితే అంబులెన్సు లోపలికి రాదు" అని రాసి, ఫొటో, కొలతలు, టైములు జతచేస్తే దానికి జవాబు చెప్పక తప్పదు. మీ దగ్గర చట్టం వేరే అయినా ఈ రకం రాత ఏ ఆఫీసులోనైనా ఎక్కువ పనిచేస్తుంది.

అప్పటికీ షాపు వచ్చేసిందనుకోండి, చేతులు ముడుచుకోకండి. లైసెన్సుతోపాటు వచ్చే షరతుల కాగితం సంపాదించండి. ఏ టైముకి షట్టర్ దించాలి, బయట నిలబడి తాగనివ్వచ్చా, కెమెరా ఉండాలా, చెత్త ఎవరు తియ్యాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. తర్వాత డైరీ రాయండి, తేదీ, టైము, ఏం జరిగింది. వద్దు అనే అర్జీ కన్నా ఫలానా షరతు ఫలానా తేదీల్లో తప్పారు అనే అర్జీకి అధికారి భయపడతాడు, ఎందుకంటే తర్వాత ఏదైనా జరిగితే ఆ కాగితం ఆయన్నే అడుగుతుంది.

ప్రశ్న: నేను మందు షాపులో కౌంటర్ మీద పని చేస్తా సార్. పిల్లలు వస్తారు, వయసు అడిగితే నువ్వెవడివి అడగడానికి అంటారు, ఇవ్వకపోతే ఓనరు అరుస్తాడు, ఇస్తే కేసు అంటారు. తప్పు పడితే ఎవరి మీద పడుతుంది? — పేరు రాయొద్దన్న ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, వచ్చిన ఉత్తరాలన్నిట్లో అసలు ప్రశ్న నీదే. పైన చెప్పిన చట్టాలూ కోర్టులూ కోటాలూ అన్నీ చివరికి నీ చెయ్యి సీసా మీద పడే ఆ ఒక్క క్షణంలో తేలేవే.

తప్పు ఎవరి మీద పడుతుందంటే చాలా చోట్ల ఇద్దరి మీదా. ఇంగ్లండు చట్టంలో 18 ఏళ్ళ లోపు వాడికి అమ్మినవాడిది ఒక నేరం, తెలిసీ అమ్మనిచ్చినవాడిది ఇంకో నేరం. ఓనరు చెప్పాడు కాబట్టి ఇచ్చాను అనేది నిన్ను కాపాడదు. వాడికి పద్దెనిమిది నిండాయని నమ్మాను, ఫొటో ఉన్న కార్డు అడిగి చూసే నమ్మాను, చూసిన ఎవరైనా నమ్మేలాంటి కార్డే అది అని చెప్పగలిగితే అది కాపాడుతుంది. తనిఖీ ఎలా ఉంటుందో కూడా తెలుసుకో, అధికారులే తక్కువ వయసు పిల్లల్ని దగ్గరుండి షాపుకి పంపి కొనమంటారు. మూడు నెలల్లో రెండుసార్లు దొరికితే షాపు మీద వేరే కేసు, దానికి బదులు కనీసం 48 గంటల నుంచి 336 గంటల దాకా అమ్మకం మూసెయ్యమని నోటీసు ఇవ్వొచ్చు. 336 గంటలంటే రెండు వారాలు, మీ ఓనరుకి ఈ లెక్క చెప్పు, అరుపు కొంచెం తగ్గుతుంది.

ఇక రోజూ చెయ్యాల్సింది. వయసు అంచనా కట్టే పని నీ కంటికి వదలొద్దు, కళ్ళు మోసం చేస్తాయి, గడ్డం ఉన్న పదహారేళ్ళోడు ఉంటాడు, ముప్ఫై ఏళ్ళొచ్చినా పిల్లాడిలా ఉండేవాడు ఉంటాడు. అందుకే బ్రిటన్ షాపుల్లో చట్టం 18 అన్నా సరే పాతికేళ్ళ లోపు కనిపించిన ప్రతివాణ్ణీ కార్డు అడుగుతారు, స్వీడన్ షాపుల్లో కొనే వయసు 20, వాళ్ళూ అడిగేది 25 లోపు కనపడితే. మధ్యలో ఆ ఖాళీ ఉండడం వల్ల నీ అంచనా నాలుగైదేళ్ళు అటూ ఇటూ అయినా తప్పు జరగదు. రెండోది, కార్డు చూసి మనసులో లెక్కలు వెయ్యొద్దు, ఆ రోజు తేదీకి సరిపడా "ఫలానా తేదీన గానీ అంతకు ముందు గానీ పుట్టినవాళ్ళకే" అని కౌంటర్ లోపలివైపు కాగితం అతికించుకో, పొద్దున్నే షట్టర్ తియ్యగానే మార్చు, రద్దీలో తీసివేతలు చేస్తే తప్పులు పోతాయి. మూడోది, వద్దన్న ప్రతిసారీ ఒక నోటుబుక్కులో రాయి, టైము, ఎలా ఉన్నాడు, ఎందుకు ఇవ్వలేదు, అంతే. నెలల తరబడి ఆ బుక్కు ఖాళీగా ఉందనుకో, తనిఖీకి వచ్చినవాడు అసలు మీరు అడుగుతున్నారా అని అనుమానపడతాడు.

గొడవ పడేవాడితో వాదనకి దిగకు. "కార్డు లేకపోతే మిషన్ బిల్లు కొట్టదన్నా, నా చేతుల్లో లేదు" అనే ఒకే మాట ఒకే గొంతుతో మళ్ళీ మళ్ళీ చెప్పు. నిజంగా బిల్లింగ్ మిషన్‌లో ఆ ప్రశ్న పెట్టించుకోవచ్చు, పెట్టించమని ఓనరుని అడుగు. పిల్లలు బయట నిలబడి పెద్దవాడితో కొనిపిస్తుంటే అదీ చాలా చోట్ల నేరమే, గాజు తలుపు అవతల డబ్బు చేతులు మారడం నీకు కనపడితే ఇవ్వొద్దు. అప్పటికే తూలుతూ వచ్చినవాడికి అమ్మడం కూడా చాలా చట్టాల్లో తప్పు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అయితే తూలేవాడికి అమ్మి, వాడు కారుతో ఎవరినైనా గుద్దితే దెబ్బతిన్నవాళ్ళు ఆ షాపు మీదే దావా వేసి పరిహారం అడగొచ్చు.

ఓనరు మాత్రం ఇవన్నీ విని కూడా అమ్మమంటే, ఏం చెప్పాడో ఆ రోజే మెసేజ్‌లో తిరిగి రాసి పంపు, "మీరు కార్డు చూడొద్దన్నారు కదా, అలాగే చెయ్యమంటారా" అని. చాలామంది ఆ మెసేజ్‌కి జవాబివ్వడానికి జంకుతారు, అక్కడే ఆగుతుంది.

ప్రశ్న: రాత్రి పదికి షాపు మూసేస్తే తాగేవాడు తొమ్మిదిన్నరకే రెండు కొని పెట్టుకుంటాడు, ఈ టైముల వల్ల ఉపయోగం ఏముంది? — ఒక డాక్టరు గారి డ్రైవరు

జవాబు: ముందుగా ప్లాన్ వేసుకుని తాగేవాడిని టైము ఆపలేదు, నిజమే. కానీ రాత్రి ఒక సీసా అయ్యాక ఇంకోటి తెద్దాం పద అని లేచే గుంపుని ఆపుతుంది. జర్మనీలో బాడెన్ వుర్టెంబర్గ్ అనే రాష్ట్రం 2010 మార్చి నుంచి 2017 చివరిదాకా రాత్రి పది నుంచి పొద్దున్న ఐదు దాకా షాపుల్లో మందు అమ్మకం ఆపింది, బార్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆర్థికవేత్తలు లెక్కతీస్తే మందు వల్ల ఆస్పత్రిపాలైన టీనేజీ పిల్లలు, యువకుల కేసులు దాదాపు 7 శాతం తగ్గాయి. చిన్న సంఖ్యే, కానీ ఖర్చు ఏముంది, షట్టర్ దించడమే కదా. లిథువేనియా 2018 నుంచి ఆదివారం మధ్యాహ్నం మూడుకే షాపుల్లో అమ్మకం ఆపేస్తోంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే తెచ్చిస్తే, అప్పుడు ఏ షాపు లైసెన్సు కింద లెక్క? — ఒక విద్యార్థి

జవాబు: బ్రిటన్‌లో అయితే సీసాని మీ కోసం తీసి పక్కన పెట్టిన గోడౌన్ ఎక్కడుందో అక్కడ అమ్మినట్టు లెక్క, ఆ గోడౌన్‌కి లైసెన్సు ఉండాలి. పేపరు మీద అది తేలికే. చిక్కు మీ గుమ్మం దగ్గరుంది, పది నిమిషాల్లో ఇంకో ఆర్డర్‌కి పరుగెత్తాల్సిన కుర్రాడు తలుపు తీసినవాడి వయసు చూసి సరుకు వెనక్కి పట్టుకుపోతాడా? పట్టుకుపోతే ఆ ట్రిప్పు డబ్బు వాడికి ఇస్తారా? ఇస్తేనే రూల్ పనిచేస్తుంది, లేకపోతే లేదు.

ప్రశ్న: నడుస్తున్న షాపు ఒకటి చేతికొస్తోంది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంచి నెలకింత ఇచ్చి నేను నడుపుకుందామని మాట. అందరూ ఇలాగే చేస్తారంటున్నారు, పర్వాలేదా? — ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: పర్వా ఉందండీ, చాలా ఉంది. లైసెన్సు మనిషిని చూసి, చోటు చూసి ఇస్తారు. పేరు ఒకరిది పెట్టుబడి ఇంకొకరిది అయితే చాలా చోట్ల అది రద్దుకి సరిపడా కారణం. రద్దయితే ఆయనకి పోయేది కాగితం, మీకు పోయేది రిటైర్మెంట్ డబ్బు మొత్తం, పైగా మీ ఒప్పందమే చట్టానికి విరుద్ధం కాబట్టి కోర్టుకెళ్ళినా మీ మొహం చూసేవాళ్ళుండరు. ఆయన రేపు చనిపోయాడనుకోండి, ఇంగ్లండులో అయితే లైసెన్సు అప్పుడే ఆగిపోతుంది, 28 రోజుల్లో వారసులు గానీ సంబంధం ఉన్నవాళ్ళు గానీ నోటీసు ఇస్తేనే తాత్కాలికంగా నిలబడుతుంది. మీరు ఆ వారసుల్లో లేరు.

పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టించి, అది వచ్చాకే మిగతా డబ్బు ఇస్తానని రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో మీరే ఆలోచించండి. చూడాల్సిన కాగితాలు చెప్తా, లైసెన్సు ఒరిజినల్, దాని వెనకుండే షరతులు, రెన్యువల్ తేదీ, పాత కేసులూ జరిమానాలూ ఏమైనా ఉన్నాయా, షాపు గది అద్దె అగ్రిమెంటు లైసెన్సు కన్నా ముందే అయిపోతోందా. వీటికన్నా ఎక్కువమంది చూడకుండా వదిలేసేది లైసెన్సుతో జతచేసిన షాపు ప్లాను. ఏ తలుపు ఎక్కడ, కౌంటర్ ఎక్కడ, గోడౌన్ గది ఎక్కడ అని అందులో గీసి ఉంటుంది. ఆ ప్లాను చేత్తో పట్టుకుని షాపులో ఒకసారి నడవండి. వెనక గోడకి కొత్తగా తలుపు కొట్టి ఉండి, ప్లానులో ఆ తలుపు లేకపోతే, అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని ఆ తలుపు ఎందుకు పెట్టారో ముందు అడగండి.